రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు కావాలి?

మోకాలి ఆపరేషను చేయించుకున్న ఒక పెద్దావిడను అయిదో వారంలో ఫిజియోథెరపీకి తీసుకువచ్చారు. చేతికర్ర సాయంతో ఆమె వరండాలో చక్కగా నడిచింది. ఆయాసపడలేదు, మలుపు దగ్గర గోడ పట్టుకోలేదు. కూతురు ఎంతో సంతోషించింది. ‘‘అమ్మా, ఇక ఆటో ఎందుకే, అవతలి బస్టాపు దాకా నడిచిపోదాం రా’’ అంది.

గేటు బయట సిగ్నల్ దగ్గర పచ్చ మనిషి బొమ్మ వెలగగానే ఇద్దరూ బయలుదేరారు. పదడుగులు వేశారో లేదో బొమ్మ మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. డివైడర్ దాటి కొంచెం ముందుకు వెళ్లేసరికి ఎర్ర బొమ్మ పడింది. మోటారు సైకిళ్లు కదిలాయి, వెనక బస్సు హారన్ కొట్టింది. కూతురు చెయ్యి పైకెత్తి తల్లికి అడ్డంగా నిలబడింది. ఆ రోజు దెబ్బ ఏమీ తగల్లేదు. కాని ఆ పెద్దావిడ ‘‘నా వల్ల కాదే తల్లీ’’ అని తర్వాత రెండు వారాలు గడప దాటలేదు. నడవకపోవడంతో కాలు మళ్లీ బిగుసుకుపోయింది. ఆపరేషను చేసిన ఫలితం సగం ఆ రోడ్డు మీదే పోయింది.

తప్పు ఎవరిది? ఆపరేషను అయిన నెలకు ఎంత వేగంగా నడవగలరో అంత వేగంగానే ఆమె నడిచింది. సిగ్నల్ కూడా చెడిపోలేదు, దాని లెక్క ప్రకారమే పనిచేసింది. అయితే ఆ లెక్కలో ఆమె నడకకు చోటు లేదు. ఆ లెక్క ఏమిటో తెలిస్తే మన ఇంట్లో రోగిని జాగ్రత్తగా దాటించుకోగలం. మార్చమని అడగవలసినచోట అడగనూగలం.

ఇది చిన్న విషయమని అనుకోకండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే. అంటే రోజుకు దాదాపు 90 మంది.

సిగ్నల్ పుట్టింది నడిచేవారి కోసం కూడా

ప్రపంచంలో మొట్టమొదటి ట్రాఫిక్ సిగ్నల్‌ను 1868 డిసెంబరు 10న లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర పెట్టారు. అప్పటికి మోటారు కార్లు లేవు. గుర్రపు బళ్ల రద్దీలో మనుషులు ఆ రోడ్డు దాటలేకపోతున్నారని జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజినీరు దాన్ని తయారు చేయించాడు. పగలు రైలు సిగ్నల్‌లాగా చేతులు పైకి లేచేవి. రాత్రి ఎరుపు, ఆకుపచ్చ గ్యాసు దీపాలు వెలిగేవి. నెల తిరగకుండానే, 1869 జనవరిలో, గ్యాసు పేలి దాన్ని నడుపుతున్న పోలీసు గాయపడ్డాడు. దాంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

కరెంటుతో పనిచేసే సిగ్నల్ 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వచ్చింది. అప్పటికి కార్లు పెరిగాయి. ఆ తర్వాత సిగ్నల్ అంటే ముందు వాహనాల సంగతి, మిగిలిన సమయంలో మనుషుల సంగతి అన్న అలవాటు ఏర్పడింది. 1958లో ఇంగ్లండ్‌లో ఎఫ్. వి. వెబ్‌స్టర్ అనే పరిశోధకుడు సిగ్నల్ సమయాలకు ఒక సూత్రం ఇచ్చాడు. కూడలిలో వాహనాలన్నీ కలిసి ఆగే సమయం వీలైనంత తక్కువ కావాలన్నది దాని ఉద్దేశం. చాలా దేశాల్లో ఇంజినీర్లు నేటికీ దాన్ని వాడుతున్నారు. అది మంచి సూత్రమే. కాని ఫుట్‌పాత్ అంచున నిలబడి ఎదురుచూసే మనిషి ఆగిన సమయం ఆ కూడికలో లేదు. ఆ లెక్కను విడిగా వేసి కలపాలి.

వాహనాల లెక్క ఎలా ఉంటుంది?

నాలుగు రోడ్ల కూడలిని తీసుకుందాం. ఒక్కొక్క వైపుకు వంతు వస్తుంది. నాలుగు వంతులూ పూర్తయి మళ్లీ మొదటి వైపుకు పచ్చ దీపం వచ్చేవరకు పట్టే కాలాన్ని ఇంజినీర్లు సైకిల్ అంటారు. మనం దాన్ని ‘చుట్టు’ అందాం.

వంతు మారినప్పుడల్లా కొన్ని సెకన్లు ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి. పసుపు దీపం సమయం కొంత, అన్ని వైపులా ఎర్ర దీపం ఉండే ఒకటి రెండు సెకన్లు, పచ్చ దీపం పడ్డాక ముందు వరుస కదలడానికి పట్టే ఒకటి రెండు సెకన్లు ఇందులోకి వస్తాయి. వంతుకు 4 సెకన్ల చొప్పున అనుకుంటే చుట్టుకు 16 సెకన్లు వృథా. చుట్టు 80 సెకన్లయితే అందులో వృథా నూటికి 20 వంతులు. 120 సెకన్లయితే 13 వంతులు. 160 సెకన్లయితే 10 వంతులు.

అందుకే రద్దీ పెరిగితే చుట్టును పొడిగిస్తారు. కాని పై అంకెలను మరోసారి చూడండి. 80 నుంచి 120కి వెళితే 7 వంతులు మిగిలాయి. 120 నుంచి 160కి వెళితే మిగిలింది 3 వంతులే. రెండు నిమిషాలు దాటాక చుట్టును ఎంత సాగదీసినా వాహనాలకు దక్కే లాభం కొంచెమే. నడిచేవారు నిలబడవలసిన సమయం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

దాని ఫలితం మనం రోజూ చూస్తున్నదే. మనిషి ఓపికకు ఒక హద్దు ఉంది. నిలబడవలసిన సమయం 30 సెకన్లు దాటితే నడిచేవారిలో అసహనం పెరుగుతుందని అమెరికా రోడ్డు ఇంజినీర్ల ప్రామాణిక గ్రంథమైన హైవే కెపాసిటీ మాన్యువల్ చెబుతోంది. రెండు నిమిషాలు ఎండలో నిలబడినవారు సందు దొరకగానే ఎర్ర బొమ్మ మీదే దూకుతారు. అప్పుడు వాహనాలూ బ్రేకులు వేయాలి. అంటే మనుషులను మరీ ఎక్కువసేపు ఆపిన సిగ్నల్ వాహనాలకు కూడా మేలు చేయదు.

నడిచేవారి లెక్క ఎలా ఉంటుంది?

నడిచేవారి సమయంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది పచ్చ బొమ్మ నిలకడగా వెలిగే సమయం. ఇది అంచున ఉన్నవారు చూసుకుని రోడ్డు మీదికి దిగడానికి. అమెరికా నిబంధనల్లో ఇది మామూలుగా కనీసం 7 సెకన్లు. రెండవది బొమ్మ మిణుకుమనే సమయం. ఇది అప్పటికే దిగినవారు అవతలి అంచుకు చేరడానికి. చాలామంది ఈ రెండవ భాగాన్ని ‘త్వరగా పరిగెత్తు’ అని అర్థం చేసుకుంటారు. దాని అసలు అర్థం వేరు: ‘దిగినవారు పూర్తి చేయండి, దిగనివారు దిగవద్దు.’

రెండవ భాగానికి లెక్క సులువు. రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగిస్తారు. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో ప్రచురించిన సిగ్నళ్ల మార్గదర్శకాల్లోనూ, ఇంగ్లండ్‌లోనూ తీసుకున్న వేగం సెకనుకు 1.2 మీటర్లు. డివైడర్‌తో కలిపి రోడ్డు 24 మీటర్లుంటే 20 సెకన్లు. ముందున్న 7 సెకన్లు కలిపితే మొత్తం 27 సెకన్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్ద రోడ్డు మీద వాహనాలు ఆగేది పక్కనుంచి వచ్చే చిన్న రోడ్డుకు వంతు వచ్చినప్పుడే. చిన్న రోడ్డులో వాహనాలు తక్కువ, వాటికి 15 సెకన్లు చాలవచ్చు. కాని అదే సమయంలో పెద్ద రోడ్డు దాటే మనిషికి 27 సెకన్లు కావాలి. వాహనాలను మాత్రమే చూసి సమయం పెడితే, అన్నిటికంటే వెడల్పైన రోడ్డుకు అన్నిటికంటే తక్కువ సమయం దొరుకుతుంది. చాలా కూడళ్లలో నడిచేవారి ఇబ్బందికి మూలం ఇదే.

1.2 మీటర్లు ఎవరి నడక?

సెకనుకు 1.2 మీటర్లు అంటే ఆరోగ్యంగా ఉండి, చేతిలో బరువు లేకుండా, పనిమీద వెళ్తున్న మనిషి నడక. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటిన 3,145 మంది నడక కొలతలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మగవారి సగటు వేగం సెకనుకు 0.9 మీటర్లు, ఆడవారిది 0.8 మీటర్లు. మగవారిలో నూటికి 84 మంది, ఆడవారిలో నూటికి 94 మంది 1.2 మీటర్ల వేగాన్ని అందుకోలేకపోయారు. వారిని ఆసుపత్రిలో ఏరి తీసుకోలేదు. ఇళ్లలో ఉంటున్న మామూలు పెద్దవారే.

మరి తుంటి ఎముక విరిగి కోలుకుంటున్నవారు, పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడుస్తున్నవారు, షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు, పార్కిన్సన్ జబ్బున్నవారు, నెలలు నిండిన గర్భిణులు? వీరిలో చాలామందిది 1.2 మీటర్ల నడక కాదు. ఆసుపత్రి ముందు రోడ్డు దాటేవారిలో ఇటువంటివారే ఎక్కువ.

కొన్ని దేశాలు ఈ అంకెను సవరించుకున్నాయి. అమెరికాలో పూర్వం సెకనుకు 4 అడుగులు, అంటే ఇంచుమించు 1.2 మీటర్లు లెక్కలోకి తీసుకునేవారు. 2009లో దాన్ని 3.5 అడుగులకు, అంటే 1.07 మీటర్లకు తగ్గించారు. ఇంకా నెమ్మదిగా నడిచేవారు దాటే చోట్ల అంతకంటే తక్కువ తీసుకోవచ్చని కూడా అక్కడి నిబంధనల్లో ఉంది.

సెకన్లు పెంచితే ట్రాఫిక్ ఆగిపోదా?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఆ బస్సులో కూర్చున్నవారిలోనూ ఆసుపత్రికి వచ్చేవారుంటారు. ఆ వరసలో అంబులెన్సూ ఉండవచ్చు. పచ్చ దీపం ఉన్నప్పుడు ఒక వరసలో సుమారు 2 సెకన్లకు ఒక కారు చొప్పున కూడలి దాటుతుంది. నడిచేవారికి 5 సెకన్లు ఎక్కువ ఇస్తే వరసకు రెండు మూడు కార్లు తర్వాతి వంతుదాకా ఆగవలసి వస్తుంది. అదే పని రోజంతా ప్రతి చుట్టులోనూ, దాటేవారు ఒక్కరు లేకపోయినా చేస్తే నిజంగానే వాహనాలు పేరుకుపోతాయి. కావలసినప్పుడు కావలసినంత ఇవ్వడమే ఉపాయం. దానికి ఎన్నో పద్ధతులున్నాయి.

1. కార్డు చూపితే అదనపు సమయం: సింగపూర్‌లో 2009 నుంచి ‘గ్రీన్ మ్యాన్ ప్లస్’ అనే ఏర్పాటు ఉంది. పెద్దవారు, వికలాంగులు తమ రాయితీ కార్డును సిగ్నల్ స్తంభానికి ఉన్న పెట్టెకు ఆనిస్తే, ఆ ఒక్కసారికి పచ్చ బొమ్మ మరికొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది. రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్ల వరకు పెరుగుతుంది. కార్డు ఎవరూ ఆనించకపోతే సిగ్నల్ మామూలుగానే నడుస్తుంది.

2. మనిషిని గమనించే సిగ్నల్: ఇంగ్లండ్‌లో 1969లో బటన్ నొక్కితే వాహనాలను ఆపే ‘పెలికాన్’ సిగ్నళ్లు వచ్చాయి. మన నగరాల్లోనూ కొన్నిచోట్ల ఈ పేరుతో సిగ్నళ్లు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1990వ దశకంలో వచ్చిన ‘పఫిన్’ రకం మరింత తెలివైనది. రోడ్డు మీద ఇంకా మనిషి ఉన్నట్టు కనిపెడితే అది వాహనాలకు ఎర్ర దీపాన్ని పొడిగిస్తుంది. బటన్ నొక్కినవారు ఆగకుండా వెళ్లిపోతే ఆ పిలుపును రద్దు చేస్తుంది. మొదటిది మనకు మేలు, రెండవది వాహనాలకు మేలు.

3. మధ్యలో నిలబడే చోటు: డివైడర్ దగ్గర చక్రాల కుర్చీ, దాన్ని తోసేవారు ఇద్దరూ పట్టేంత చోటు ఉంటే రోడ్డును రెండు విడతలుగా దాటవచ్చు. 24 మీటర్లు 12, 12 అవుతాయి. అప్పుడు ఒక్కో విడతకు 17 సెకన్లు చాలు. సెకన్లు తగ్గడం వాహనాలకు లాభం, మధ్యలో ఊపిరి తీసుకోవడం మనకు లాభం. అయితే సన్నని గట్టు మీద ఒంటికాలితో నిలబెట్టడం ఈ పద్ధతి కిందకు రాదు.

4. నడిచేవారికి ముందు అవకాశం: చాలా కూడళ్లలో ఒకే వైపు వెళ్లే వాహనాలకూ మనుషులకూ ఒకేసారి పచ్చ దీపం ఇస్తారు. పక్కకు తిరిగే వాహనం మనిషి మీదికి వచ్చేది అప్పుడే. దీనికి విరుగుడుగా న్యూయార్క్ వంటి నగరాల్లో మనుషులకు 3 నుంచి 7 సెకన్లు ముందుగా పచ్చ బొమ్మ వేస్తారు. వాహనాలు కదిలేసరికి మనుషులు నడిరోడ్డు మీద అందరికీ కనబడుతూ ఉంటారు. కనబడిన మనిషికి దారి ఇవ్వడం డ్రైవరుకు తేలిక.

5. అందరినీ ఒకేసారి ఆపడం: జనం బాగా ఎక్కువగా ఉన్న కూడలిలో అన్ని వైపులా వాహనాలను ఆపి, మనుషులను ఐమూలగా కూడా దాటనిస్తారు. 1950వ దశకంలో అమెరికాలోని డెన్వర్‌లో హెన్రీ బార్న్స్ అనే ట్రాఫిక్ ఇంజినీరు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. టోక్యోలోని షిబుయా కూడలి నేడు దీనికి పేరుపొందింది. వాహనాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్నచోట ఇది బాగుంటుంది. ఇద్దరూ ఎక్కువే అయినచోట చుట్టు పొడవైపోతుంది.

6. చూపు లేనివారికి గుర్తు: కొన్నిచోట్ల పచ్చ బొమ్మతోపాటు టిక్ టిక్ మనే శబ్దం వస్తుంది. ఇంగ్లండ్‌లో బటన్ పెట్టె అడుగున చిన్న శంకువు లాంటి మీట ఉంటుంది. దాటవచ్చు అన్నప్పుడు అది తిరుగుతుంది. కళ్లు కనబడనివారు, చెవులు వినబడనివారు దాన్ని వేలితో తాకి తెలుసుకుంటారు.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష

రోగి నడకను కొలవడానికి ఫిజియోథెరపిస్టులు చేసే పరీక్షను మీరూ చేయవచ్చు. వరండాలోనో మేడ మీదో 10 మీటర్లు టేపుతో కొలిచి రెండు గీతలు గీయండి. రోగిని మామూలుగా, బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే చెప్పులతో, వాడే కర్రతో నడవమనండి. మొదటి గీతకు రెండడుగులు వెనకనుంచి బయలుదేరమనండి. గీత దాటినప్పటి నుంచి రెండో గీత దాటేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో వాచీలో చూడండి. పడిపోకుండా పక్కనే ఒకరు నడవాలి.

8 సెకన్లు లేక అంతకంటే తక్కువ అయితే సిగ్నల్ లెక్క వారికి సరిపోతుంది. అంతకంటే ఎక్కువ అయితే ఆ లెక్కలో వారు లేరు.

24 మీటర్ల రోడ్డుకు ఎంత పడుతుందో ఇలా చూసుకోండి:
10 మీటర్లకు 10 సెకన్లు పడితే రోడ్డు దాటడానికి 24 సెకన్లు.
12 సెకన్లు పడితే 29 సెకన్లు.
15 సెకన్లు పడితే 36 సెకన్లు.
20 సెకన్లు పడితే 48 సెకన్లు.

మొదట చెప్పిన పెద్దావిడకు 10 మీటర్లు నడవడానికి 16 సెకన్లు పట్టింది. అంటే ఆ రోడ్డు దాటడానికి ఆమెకు 38 సెకన్లు కావాలి. సిగ్నల్ ఇచ్చింది 27 సెకన్లు. 11 సెకన్లపాటు ఆమె నడిరోడ్డు మీద ఉండక తప్పదని ఇంట్లోనే తెలిసి ఉంటే కూతురు ఆటో పిలిచేది.

రోగిని దాటించేటప్పుడు

ముందుగా మీరు ఒక్కరే వెళ్లి ఒక చుట్టు చూడండి. పచ్చ బొమ్మ వెలిగినప్పటి నుంచి ఎర్ర బొమ్మ పడేవరకు సెకన్లు లెక్కపెట్టండి. రోగికి కావలసిన సెకన్లతో పోల్చండి. చాలకపోతే, డివైడర్ దగ్గర భద్రంగా నిలబడే చోటు ఉంటేనే రెండు విడతలుగా దాటండి. లేకపోతే వాహనంలో వెళ్లడమే మేలు. అయిదు నిమిషాల దూరానికి ఆటో ఎక్కడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

పచ్చ బొమ్మ సగం అయిపోయాక వచ్చారా? ఆగండి. మళ్లీ కొత్తగా వెలిగినప్పుడే దిగండి. మొదటి సెకను నుంచి మొత్తం సమయం మీ చేతిలో ఉంటుంది.

పచ్చ బొమ్మ వెలగగానే కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడండి. డివైడర్ దగ్గర ఎడమవైపు చూడండి. ఎడమకు తిరిగే వాహనాలకు ‘ఫ్రీ లెఫ్ట్’ ఉన్న కూడలిలో ఆ వాహనాలు మీ పచ్చ బొమ్మ కోసం ఆగకపోవచ్చు. వాటిని విడిగా గమనించుకోండి. తెలియని కూడలిలో ముందే ఎవరినైనా అడగండి.

బటన్ ఉన్నచోట ఒక్కసారి నొక్కితే చాలు. పదిసార్లు నొక్కినా త్వరగా రాదు.

ఒక్కరే సాయంగా ఉంటే రోగికి బలహీనంగా ఉన్న వైపు నిలబడి పట్టుకోండి. కర్ర రెండో చేతిలో ఉండాలి. చక్రాల కుర్చీని ఫుట్‌పాత్ గట్టు మీదనుంచి దించేటప్పుడు వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దిగేలా నెమ్మదిగా దించండి.

కంటి పరీక్ష కోసం చుక్కలు వేసిన తర్వాత కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు భరించలేరు. ఆ రోజు వారిని ఒంటరిగా పంపవద్దు. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి ఒక వైపున ఉన్నవి కంటికి ఆనినా మనసుకు ఎక్కవు. వారు ‘చూశాను’ అన్నా మీరు చూడండి. చాలాసేపు కూర్చుని లేచినవారికి తల తిరగవచ్చు. లేచాక కాసేపు నిలబడనిచ్చి బయలుదేరండి.

మీ సంగతి కూడా మరచిపోకండి. రాత్రంతా మంచం పక్కన మేలుకుని, మందుల చీటీ పట్టుకుని ఎదుటి దుకాణానికి పరుగెత్తే మనిషికి సిగ్నల్ కనబడదు. మందు రెండు నిమిషాలు ఆలస్యంగా తెచ్చినా ఫరవాలేదు, మీరు తిరిగి రావడం ముఖ్యం.

మీరు వాహనం నడిపేటప్పుడు

మనలో చాలామందిమి రోగికి భోజనం తెచ్చేటప్పుడు బండి మీదే వస్తాం. స్టాప్ లైన్ వెనకే ఆగండి. బండి ముందు చక్రం జీబ్రా గీతల మీద ఉంటే నడిచేవారు దాన్ని చుట్టి నడిరోడ్డులోకి రావాలి. చక్రాల కుర్చీకి ఆ చుట్టుదారి కూడా ఉండదు. టైమర్‌లో 3, 2, 1 అని పడుతుండగానే బండి కదిలించకండి. ఆ మూడు సెకన్లు ఎవరో ఒక పెద్దాయన చివరి నాలుగడుగులు. ఎడమకు తిరిగేటప్పుడు దాటేవారు ఉంటే, ఫ్రీ లెఫ్ట్ అయినా సరే ఆగండి.

ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

సిగ్నల్ సమయాలు రాతిలో చెక్కినవి కావు. పెట్టెలో అంకెలు మారిస్తే మారతాయి. వాటిని నగర ట్రాఫిక్ పోలీసులు, నగరపాలక సంస్థ ఇంజినీర్లు చూస్తారు. ‘ఇక్కడ దాటడం కష్టంగా ఉంది’ అని మాత్రమే రాస్తే వారికి ఏం చేయాలో తెలియదు. అంకెలతో రాయండి. రోడ్డు వెడల్పు ఎంత? పచ్చ బొమ్మ మొదలైనప్పటి నుంచి ఎర్ర బొమ్మ వరకు ఎన్ని సెకన్లు? మళ్లీ పచ్చ బొమ్మ రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది? ఒక గంటలో కర్రతోనో, చక్రాల కుర్చీలోనో, పసిపిల్లలతోనో ఎంతమంది దాటారు? వారిలో ఎందరు దాటడం పూర్తికాకుండానే వాహనాలు కదిలాయి?

తర్వాత అడగవలసినవి: ఆసుపత్రి ముందు నడక వేగాన్ని 1.2కు బదులు 0.8 మీటర్లుగా తీసుకుని లెక్క వేయాలి. డివైడర్‌లో నిలబడే చోటు కల్పించాలి. మనుషులకు కొన్ని సెకన్లు ముందుగా పచ్చ బొమ్మ వేయాలి. చుట్టు మరీ పొడవుగా ఉంటే తగ్గించాలి. జీబ్రా గీతలకు, స్టాప్ లైన్‌కు మళ్లీ రంగు వేయాలి. వీటిలో కొన్నింటికి ఖర్చు దాదాపు లేదు. పది కుటుంబాలు కలిసి సంతకాలు చేసి ఇస్తే మరీ మంచిది.

24 మీటర్ల రోడ్డుకు 0.8 మీటర్ల లెక్కన 30 సెకన్లు కావాలి. అంటే ఇప్పుడున్న 20 సెకన్లకు మరో 10 సెకన్లు. వరసకు అయిదు కార్లు ఒక చుట్టు ఆగుతాయి. ఆ పది సెకన్లలో ఒక తల్లి భయం లేకుండా అవతలి గట్టు చేరుతుంది, మర్నాడు మళ్లీ నడవడానికి బయలుదేరుతుంది. ఆపరేషను చేసిన డాక్టరు, నడిపించిన ఫిజియోథెరపిస్టు, రాత్రులు మేలుకున్న కూతురు పడిన శ్రమంతా నిలబడాలంటే ఆ పది సెకన్లు కూడా కావాలి.

గుర్తుంచుకోండి

మిణుకుమనే పచ్చ బొమ్మకు అర్థం: దిగినవారు పూర్తి చేయాలి, దిగనివారు ఆగాలి.
10 మీటర్లు నడవడానికి 8 సెకన్లకంటే ఎక్కువ పట్టేవారికి సిగ్నల్ సమయం చాలకపోవచ్చు.
ఎప్పుడూ కొత్తగా వెలిగిన పచ్చ బొమ్మతోనే రోగిని దాటించండి.
తిరిగే వాహనాలను విడిగా గమనించండి.
బండి మీద ఉన్నప్పుడు స్టాప్ లైన్ వెనకే ఆగండి.
ఇబ్బంది ఉన్న సిగ్నల్ గురించి అంకెలతో రాసి ఇవ్వండి.